పుట్టుకతోనే దొంగలు ఉంటారా?

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు” అని మనలో ఒక సామెత ఉంది. మొండిపట్టు పట్టిన మనుమణ్ణి చూచి బామ్మగారు ఈ మాట అంటే ఎవరికీ నష్టం లేదు. సాయంత్రానికి ఆవిడే వాడికి జంతికలు చేసి పెడుతుంది. కాని ఇదే మాట ఒక ప్రభుత్వం అన్నదనుకోండి. అని ఊరుకోక చట్టంగా వ్రాసి పోలీసుల చేతికి ఇచ్చిందనుకోండి. దానికి తోడు కొందరు పండితులు వచ్చి, “ఇది సామెత కాదు, శాస్త్రం” అని ముద్ర వేశారనుకోండి. అప్పుడేమవుతుంది?

ఇది ఊహించి చెబుతున్న కథ కాదు. మన తెలుగునాట జరిగిన సంగతే.

వరంగల్లు, హనుమకొండ వీధులలో బుట్టలు, చాటలు, తట్టలు అల్లి అమ్ముకొనే ఎరుకలవారిని చూడనివారుండరు. వారి ఆడవాళ్ళు చంకలో బుట్ట పెట్టుకొని సోది చెప్పడానికి ఇల్లిల్లూ తిరిగేవారు. పద్మావతీ పరిణయం కథలో శ్రీనివాసుడంతటివాడు ఆకాశరాజు ఇంటికి వెళ్ళడానికి ఎరుకలసాని వేషమే వేసుకొన్నాడు. దేవుడు వేసుకొన్న వేషాన్ని దొరలు మాత్రం పోలీసు రిజిస్టరులోకి ఎక్కించారు. బ్రిటిష్ పాలనలోని తెలుగు జిల్లాలలో ఎరుకలవారికి ‘నేరస్థ జాతి’ అనే పేరు తగిలించారు.

ఒకే సంవత్సరం, రెండు వ్రాతలు

1871లో లండనులో చార్లెస్ డార్విన్ మానవుని పుట్టుకను గురించి తన ప్రసిద్ధ గ్రంథం ప్రకటించాడు. నల్లవారూ తెల్లవారూ వేరువేరు ప్రాణులు కారు, మనుష్యులందరిదీ ఒకే మూలం అని అందులో ఆయన వాదించాడు. సరిగ్గా ఆ సంవత్సరమే మనదేశంలో ఆంగ్ల ప్రభుత్వం ‘క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్’, అంటే నేరస్థ జాతుల చట్టం, చేసింది. మొదటి వ్రాత మనుష్యులందరినీ చుట్టాలను చేసింది. రెండవది కొందరిని పుట్టకముందే ముద్దాయిలను చేసింది.

ఈ చట్టం డార్విన్ పుస్తకం చదివి చేసినది కాదు. దాని వెనుక ఉన్న వాదం మరీ సులువైనది. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, సాలెవాని కొడుకు మగ్గం నేస్తాడు, కనుక దొంగతనం కులవృత్తి అయినవాళ్ళు కూడా ఉండి తీరాలి, వాళ్ళ పిల్లలు దొంగలే కావాలి! మన కులవ్యవస్థను చూచి దొరలు నేర్చుకొన్న పాఠం అది. ఆ తరువాతి యాభై ఏండ్లలో ఎవరైనా “ఇదేమి న్యాయం?” అని అడిగితే, అప్పుడు వంశం, రక్తం, పరిణామం అనే మాటలు అడ్డం పెట్టుకొన్నారు.

మొదట ఉత్తరదేశంలో అమలైన ఈ చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ప్రభుత్వం ఒక తెగను నేరస్థ జాతిగా ప్రకటిస్తే చాలు, ఆ ప్రకటన సరైనదా కాదా అని ప్రశ్నించే అధికారం ఏ న్యాయస్థానానికీ లేదు. ఆ తెగవారు పేరు నమోదు చేయించుకోవాలి. వేలిముద్రలు ఇవ్వాలి. చెప్పిన వేళకు హాజరు పలకాలి. నిర్ణయించిన హద్దు దాటాలంటే పాసు ఉండాలి. చట్టంలో పేర్కొన్న నేరాలకు రెండవసారి శిక్షపడితే సామాన్యంగా ఏడేండ్లకు తక్కువ లేదు, మూడవసారి అయితే యావజ్జీవ ద్వీపాంతరం. అదే నేరం పొరుగు కులంవాడు చేస్తే మామూలు శిక్షే.

ఇంకొక నిబంధన కూడా ఉంది. తల్లిదండ్రుల నుంచి పిల్లలను వేరుచేసి ప్రత్యేక పాఠశాలలలో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. దొంగబుద్ధి రక్తంలోనే ఉంటే పిల్లవాణ్ణి తల్లి ఒడిలోనుంచి తీసి బడిలో పెట్టినంత మాత్రాన పోతుందా? బడిలో పెడితే పోయేదైతే అది రక్తంలో ఉన్నట్లా? రక్తం పేరుతో తల్లిని శిక్షించారు, పెంపకం పేరుతో బిడ్డను లాగుకొన్నారు. ఏ వాదం అనుకూలమైతే ఆ వాదం!

ఉప్పు బస్తాల బేరం

ఇంతకూ ఎరుకలవారు పూర్వం ఏమి చేసేవారు? సముద్రతీరం నుంచి ఉప్పు గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకొని ఎగువ ఊళ్ళకు తెచ్చేవారు. అక్కడినుంచి ధాన్యం తీసికొని దిగువకు పోయేవారు. బాటలు లేని ఊళ్ళకు వాళ్ళే బండి, వాళ్ళే కొట్టు. లంబాడీల సంగతీ అంతే. వేలాది పెరిక ఎడ్ల మీద ధాన్యం మోసి పాదుషాల సైన్యాలకు అన్నం పెట్టినవారు వారు.

తరువాత ఉప్పు ప్రభుత్వ గుత్తాధిపత్యం క్రిందికి వెళ్ళింది. రైలు వచ్చింది. 1874లో సికింద్రాబాదు చేరిన నిజాం రైలుమార్గం వరంగల్లు మీదుగా 1889 నాటికి బెజవాడ దాకా సాగింది. వంద గాడిదల బరువును ఒక్క రైలుపెట్టె మోసుకుపోతూంటే, గాడిదవానికి ఇక పనేముంది? అడవిలో వెదురు, ఈత కోసుకొందామంటే అక్కడా అటవీశాఖ కావలి పెట్టింది. బ్రతుకుతెరువు పోయిన మనిషి ఊరూరా తిరిగితే, తిరగడమే అనుమానానికి కారణమయింది.

పన్ను కట్టని ఉప్పు మోయడం నేరమని చట్టం వచ్చాక, నిన్నటిదాకా వ్యాపారి అయినవాడు తెల్లవారేసరికి నేరస్థుడయ్యాడు. ఒక్క రాత్రిలో అతని రక్తం మారిందా? 1930లో గాంధీ మహాత్ముడు దండిలో పిడికెడు ఉప్పు తీసినప్పుడు ఆయనా ఆ చట్టం ప్రకారం నేరస్థుడే. ఏది నేరం అనేది కాగితం మీద వ్రాసుకొన్న కట్టుబాటు. ఆ కాగితాన్ని బట్టి రక్తకణాలు నడుచుకోవు.

బాపట్ల దగ్గర ఒక ఊరు

1913-14 ప్రాంతంలో బాపట్ల, చీరాలల మధ్య సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి ప్రభుత్వం ఒక సెటిల్మెంటు అప్పగించింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ ఉంచారు. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి అయిన హెరాల్డ్ స్టూవర్ట్ పేర దానికి స్టువర్టుపురం అని పేరు పెట్టారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలో, నెల్లూరు జిల్లా కావలిలో కూడా ఇటువంటి సెటిల్మెంట్లు వెలిశాయి. అక్కడివారు రాళ్ళు కొట్టారు, పొలాలు దున్నారు, చీరాల పొగాకు కంపెనీలో పని చేశారు. నడిపినవారిలో దయగల మనుష్యులు లేకపోలేదు. చదువు చెప్పారు, వైద్యం చేశారు. కాని తలుపు బయటినుంచి గడియ పెట్టి ఉంది. పని వదలి వెళ్ళడానికి వీలులేని కూలివాడు యజమానికి ఎంత చవుకో వేరే చెప్పాలా?

ఆ 1913లోనే ఇంగ్లండులో ఒక విశేషం జరిగింది. అంతకు పూర్వం 1876లో లాంబ్రోసో అనే ఇటలీ వైద్యుడు, నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడని, పరిణామంలో వెనుకటి మెట్టుకు జారిపోయిన ఆదిమానవుడని, వాడి దవడ, చెవి, నుదురు చూచి పోల్చుకోవచ్చునని వ్రాసి గొప్ప పేరు సంపాదించాడు. ఛార్లెస్ గోరింగ్ అనే జైలు వైద్యుడు మూడువేల మందికి పైగా ఖైదీలను కొలిచి, వారిని మామూలు మనుష్యులతో పోల్చి, 1913లో ఫలితాలు ప్రకటించాడు. అటువంటి ప్రత్యేకమైన నేరస్థ రూపం ఏదీ లేదని తేలింది. సిద్ధాంతం అక్కడ కూలిపోతూంటే, ఇక్కడ దాని పేర ఊళ్ళు కడుతున్నారు!

ముక్కులు కొలిచిన దొరలు

మనుష్యులను కొలవడం ఆ రోజులలో పెద్ద వేడుక. 1901 జనాభా లెక్కలకు అధిపతి అయిన హెర్బర్ట్ రిస్లీ ముక్కు వెడల్పుకూ, కులం అంతస్తుకూ లంకె పెట్టాడు. ముక్కు సన్నగిల్లిన కొద్దీ కులం పైకిపోతుందని ఆయన మతం. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాదిలో తలలూ ముక్కులూ కొలిచి, కె. రంగాచారి సహాయంతో 1909లో ఏడు సంపుటాల గ్రంథం ప్రకటించాడు. ఆచారాలను గురించి అందులో ఎంత సమాచారం ఉన్నా, కులాన్నీ తెగనూ ఒక్కొక్క నమూనాగా అద్దాల బీరువాలో పెట్టే చూపు అది. 1932లో ఘుర్యే అనే మన పండితుడు ఆ అంకెలనే మళ్ళీ పరిశీలించి, రిస్లీ సూత్రం దేశమంతటికీ అతకదని చూపించాడు.

మనమైనా అంత దూరం పోనక్కరలేదు. ఒకే ఇంట్లో అన్నదమ్ముల ముక్కులు చూస్తే చాలదూ?

డార్విన్ అన్నదేమిటి, వాళ్ళు విన్నదేమిటి?

“బలవంతుడు బ్రతుకుతాడు, బలహీనుడు పోతాడు, ఇదే ప్రకృతి ధర్మం” అని డార్విన్ చెప్పాడని చాలామంది నమ్మకం. ‘యోగ్యతముల సార్థక జీవనం’ అనే ఆ మాట మొదట డార్విన్‌ది కాదు. 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ అనే తత్త్వవేత్త అన్నది. డార్విన్ 1869లో తన గ్రంథం అయిదవ ముద్రణలో దానిని వాడుకొన్నాడు. డార్విన్ దృష్టిలో యోగ్యత అంటే గొప్పతనం కాదు, ఉన్నచోటికి ఇమిడి, సంతానాన్ని నిలబెట్టుకోవడం. ఎడారిలో నాగజెముడు యోగ్యం, చెరువులో తామర యోగ్యం. రెండింటిలో ఏది పై కులం?

వరంగల్లు మిరప రైతును అడగండి. ఒకే విత్తనం సగం తీసి, నీరున్న నల్లరేగడిలో వేసి, మిగతా సగం రాతినేలలో చల్లి, ఎదగని మొక్కలను చూపి “ఈ విత్తు జాతే తక్కువది” అంటే ఆయన నవ్విపోతాడు. విత్తనం విషయంలో రైతుకు తెలిసిన ఈ చిన్న సంగతి మనిషి విషయంలో మహాపండితులకు తట్టలేదు.

డార్విన్ కూడా తన కాలపు మనిషే. దూరదేశాల ప్రజలను గురించి ఈనాడు మనకు కటువుగా తోచే మాటలు ఆయన పుస్తకంలోనూ ఉన్నాయి. అయితే బానిసత్వమంటే ఆయనకు అసహ్యం. 1832లో బ్రెజిల్‌లో ఉండగా ఆ విషయం మీదనే తన ఓడ కెప్టెన్‌తో గట్టిగా జగడమాడాడు. ఆయన దగ్గర చుట్టమైన ఫ్రాన్సిస్ గాల్టన్ మాత్రం వేరు త్రోవ పట్టాడు. ‘మంచి’ వంశాలు పెరగాలి, ‘చెడు’ వంశాలు తగ్గాలి అనే సుప్రజనన వాదానికి 1883లో నామకరణం చేశాడు. దాని ఫలితం లోకం అనుభవించింది. 1927లో అమెరికా సుప్రీంకోర్టు మందబుద్ధులన్న వారికి బలవంతాన ఆపరేషన్ చేయవచ్చునని తీర్పు చెప్పింది. ఆ దేశంలో అరవై వేలమందికి పైగా దానికి బలి అయ్యారు. 1933లో హిట్లర్ ప్రభుత్వం అటువంటి చట్టమే చేసి, సుమారు నాలుగు లక్షల మందిని సంతానానికి దూరం చేసింది. ఆ త్రోవ చివరకు మారణహోమానికి చేరింది.

అటువంటి వాదాలను ఎదిరించిన శాస్త్రజ్ఞులూ ఉన్నారు. జె.బి.ఎస్. హాల్డేన్ వారిలో ముఖ్యుడు. ఆయన 1957లో మనదేశానికి వచ్చి, 1961లో భారత పౌరుడై, 1964లో భువనేశ్వరంలో కన్నుమూశాడు. మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడే.

ఓరుగల్లు చెప్పే సాక్ష్యం

పుట్టుకను బట్టే యోగ్యత అయితే ఓరుగల్లు చరిత్ర తిరగవ్రాసుకోవాలి. కాకతీయులను నాలుగవ వర్ణం వారని చెప్పే శాసనాలున్నాయి. ఆ మాట దాచుకోవాలని వారికి తోచలేదు. ఆ వంశమే పాఖాల వంటి చెరువులు త్రవ్వించింది. ఆ వంశపు సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు. ఆ వంశంలోనే రుద్రమదేవి ఆడదై కూడా సింహాసనమెక్కి, పేచీ పెట్టినవారి నోళ్ళు మూయించింది.

ఇటీవలి సాక్ష్యం ఇంకొకటి ఉంది. వియన్నాలో 1909లో పుట్టిన హైమెన్‌డార్ఫ్ అనే పండితుడు యుద్ధం వచ్చేనాటికి మనదేశంలో ఉన్నాడు. ఆయన పాసుపోర్టు జర్మనీది. ఆ కారణంగా ఆయనను నిజాం రాజ్యం దాటి పోకుండా కట్టడి చేశారు. ఆ కట్టడే మనకు మేలయింది. అప్పటి వరంగల్లు జిల్లాలో చేరి ఉన్న గోదావరి కొండలలో కొండరెడ్ల మధ్యా, కోయల మధ్యా, ఆదిలాబాదు గోండుల మధ్యా ఆయన నివసించాడు. తన దేశంలో జాతి పేర మనుష్యులను చంపుతున్న ఆ సంవత్సరాలలోనే, ఇక్కడి అడవిబిడ్డల లేమికి కారణం వారి తెలివి తక్కువ కాదని, భూములు పరులపాలు కావడమనీ, అప్పులూ, వెట్టీ అనీ ఆయన ప్రభుత్వానికి నివేదికలు వ్రాశాడు. 1945లో అవి పుస్తకంగా వచ్చాయి. 1943 నుంచి మార్లవాయిలో గోండు పిల్లలకు వారి భాషలోనే చదువు మొదలుపెట్టి, గోండు యువకులనే ఉపాధ్యాయులను చేశారు. నీరు పోస్తే రాతినేలలో పడిన విత్తూ మొలిచింది! 1987లో ఆయన భార్య బెట్టీ హైదరాబాదులో మరణిస్తే, ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు.

రక్తాన్ని అడిగితే

ఈనాడు రక్తాన్ని నిజంగానే అడిగి తెలుసుకోవచ్చు. 1972లో రిచర్డ్ లెవాంటిన్ లెక్కకట్టి, మనుష్యుల మధ్య ఉన్న జన్యుభేదాలలో నూటికి సుమారు 85 పాళ్ళు ఒకే సమూహంలోని మనిషికీ మనిషికీ మధ్యనే ఉన్నాయని చూపాడు. 2009లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికా సహచరులతో కలిసి దేశంలోని 25 సమూహాలను పరిశీలించారు. మన ప్రజలలో దాదాపు అందరూ రెండు ప్రాచీన జనవాహినులు కలిసిన మిశ్రమమేనని తేలింది. పాళ్ళలో తేడాలున్నాయి గాని, కలపని పాలు ఎవరి కుండలోనూ లేవు. సుమారు 4,200 ఏండ్ల నుంచి 1,900 ఏండ్ల క్రిందటి దాకా ఈ కలయిక విరివిగా సాగిందని, కట్టుదిట్టంగా కులంలోనే పెళ్ళిళ్ళు ఆ తరువాతి మాట అని 2013లో మరొక పరిశీలన చెప్పింది.

ప్రకృతి వరణం మనుష్యులలో పనిచేయదా అంటే, చేస్తుంది. గోండు, కోయ వంటి గిరిజనులలో కనిపించే సికిల్ సెల్ లక్షణమే ఇందుకు ఉదాహరణ. తల్లిదండ్రులలో ఒక్కరినుంచే అది సంక్రమిస్తే మలేరియా నుంచి కొంత రక్షణ. ఇద్దరినుంచీ సంక్రమిస్తే ప్రాణాంతకమైన జబ్బు. అడవిలో వరమైనది ఆసుపత్రిలో శాపం. ప్రకృతి చేసే పని ఇటువంటిది. అందులో గౌరవాలూ లేవు, అగౌరవాలూ లేవు, కుర్చీల వరుసా లేదు.

తాటిచెట్టు క్రింద పాలు

స్వాతంత్ర్యం వచ్చాక ఈ చట్టాన్ని పరిశీలించడానికి 1949లో ఒక సంఘం వేశారు. దాని అధ్యక్షుడు చిత్తూరు జిల్లావాడైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఆ సంఘం చట్టం పోవాలని చెప్పింది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. అందుకే ఆ తేదీని విముక్త జాతులవారు తమ స్వాతంత్ర్య దినంగా జరుపుకొంటారు. తెలంగాణంలో ఎరుకలవారికీ, లంబాడీలకూ షెడ్యూల్డు తెగల హక్కులు 1976 చట్టంతో లభించాయి. స్టువర్టుపురంలో లవణం, ఆయన భార్య హేమలత ఎన్నో ఏండ్లు సంస్కరణ కృషి చేశారు. ఆ హేమలత మహాకవి గుఱ్ఱం జాషువా కుమార్తె.

చట్టం పోయింది గాని పేరు పోలేదు. తాటిచెట్టు క్రింద కూర్చుని పాలు త్రాగినా కల్లే అంటారు. 1991లో స్టువర్టుపురం పేరు పెట్టి దొంగల కథలతో ఒకటి కాదు, రెండు సినిమాలు వచ్చాయి. ఆ ఊరి పిల్లవాడు ఉద్యోగానికి వెళ్ళి ఊరి పేరు చెప్పవలసి వచ్చినప్పుడు ఎదుటివాని మొహంలో ఏమి కదులుతుందో ఊహించుకోండి. ఆ పిల్లవాని తాతగారి మీద తప్ప నేరమేదీ ఋజువు కాలేదు. ఒక్కొక్కప్పుడు తాతగారి మీదా కాలేదు!

2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి పుస్తకం నుంచి జీవపరిణామం పాఠం తీసివేశారు. శాస్త్రం తెలియనివానికే శాస్త్రం పేర ఏదైనా అమ్మవచ్చు. డార్విన్‌ను సరిగా చదివిన పిల్లవాడు “వాళ్ళ రక్తమే అంత” అనే మాటకు మోసపోడు.

ఆ మాట దొరలతో పోలేదు మరి. ఇంట్లో వస్తువు కనిపించకపోతే ముందుగా మన చూపు ఎవరి మీదికి పోతుంది? పనిమనిషిని కుదుర్చుకొనేటప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? “మీరేవిట్లు?” అన్నదేనా? 1871 చట్టం కాగితం మీద రద్దయింది. మన పెరటి గుమ్మంలో అది ఇంకా అమలులో ఉంటే, రద్దు చేయడానికి పార్లమెంటు అక్కరలేదు. ఇంటి యజమానురాలు తలచుకొంటే చాలు.